రొంటిన దోపుకున్న మందు

మొన్న మా మనవరాలికి జ్వరం వచ్చి, తాగించిన సిరప్పు తాగించినట్టే కక్కేస్తుంటే, డాక్టరమ్మ ఫోన్లోనే ఇంకో మందు చెప్పింది. కోడలు అదే ఫోన్లో ఏదో నొక్కింది, కాసేపటికి మందు గుమ్మంలోకి వచ్చింది, అదీ చల్లదనం పోకుండా ఒక జెల్ పొట్లం పక్కన పెట్టుకుని మరీ. విప్పి చూస్తే ప్లాస్టిక్ గుంటల్లో తెల్లగా, కొవ్వొత్తి ముక్కల్లా ఉన్నాయి. మింగేవి కావు, కింద నుంచి పెట్టేవి. మన ఈడులో కువైట్ చూసొచ్చిన వాళ్లెవరికీ వాటిని పరిచయం చేయనక్కర్లేదు, అక్కడ పిల్లలకు జ్వరమంటే మొదట వాడేవి అవే. కోడలు వాటిని ఫ్రిజ్ తలుపులో పెట్టి తన పనిలో పడింది. నాకు మాత్రం కువైట్‌లో నేను పనిచేసిన మిష్రిఫ్ పేటలోని ఆ వంటిల్లు కళ్ల ముందుకొచ్చింది.

నేను కడప జిల్లా నుంచి వెళ్లి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. ఇంటి యజమానురాలిని అందరిలాగే మామా అని, ఆమె భర్తను బాబా అని పిలిచేదాన్ని. వాళ్లకు రెండేళ్లు నిండని ఒక్కడే కొడుకు, నడక వచ్చినప్పటి నుంచి నా చీపురు పట్టుకుని వదిలేవాడు కాడు. నాకు అరబ్బీ మాటలు నాలుగైతే వచ్చాయి గానీ అక్షరం రాదు. పనివాళ్లలో చాలామందిమి అంతే, కాబట్టి మందుల షాపుకు వెళ్లాలంటే మాకొక పద్ధతి ఉండేది. మందు అయిపోయినా దాని అట్టపెట్టెను పారేసేవాళ్లం కాదు, వంటింటి సొరుగులో దాచేవాళ్లం. కావలసినప్పుడు ఆ ఖాళీ పెట్టె తీసుకెళ్లి బల్ల మీద పెడితే, షాపాయన అటువంటిదే ఇంకోటి తీసిచ్చేవాడు. నోరు విప్పే పని లేదు. పిల్లవాడికి మందు పెట్టడం మామా చూసుకునేది, తలుపు వేసుకుని ఏం చేసేదో నేనెప్పుడూ చూడలేదు, పెట్టెలో ఉండేవి బిళ్లలే అనుకునేదాన్ని.

తొంభైలో, ఆ ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. బాబా పోలీసు ఉద్యోగి, దొరికితే పట్టుకుపోతారని వేరే పేటలో ఉన్న తమ్ముడింట్లో దాక్కున్నాడు. ఇంట్లో మిగిలింది మామా, పిల్లవాడు, నేను. సరిగ్గా అప్పుడే వాడికి జ్వరం తగిలింది. మామూలు జ్వరమైతే ఇంత దూరం చెప్పను. నేను వెళ్లిన కొత్తలో ఒకసారి వాడికి జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి, కళ్లు తేలేసి, పెదాలు నల్లబడిపోయి, ఇంక లేడనే అనుకున్నాం. వేడి ముదరనివ్వకుండా వెంటనే దించాలని ఆస్పత్రిలో గట్టిగా చెప్పి పంపారు. ఇప్పుడు చూస్తే సొరుగులో ఖాళీ పెట్టె తప్ప మందు లేదు. దగ్గర్లో జమియా, అంటే మా పేట సహకార బజారు, దాని పక్కనున్న మందుల షాపుకు షట్టరు దించేసి ఉంది.

మామా బయటికి వెళ్తే కువైటీ అని ఆపుతారు. నన్ను పంపక తప్పదు. పక్కింట్లో డ్రైవరుగా పనిచేసే రాయచోటి అన్న కారు తీస్తానన్నాడు. గౌనులో ఉన్న నన్ను చూసి, "చీర కట్టుకోని రా చెల్లెమ్మా, బొట్టు గూడా పెట్టుకో. ఇట్లొస్తే ఏ దేశమ్మనిషో తెలీక యాడబడితే ఆడ నిలబెడతారు. చీర జూస్తే హిందీ అని, అంటే ఇండియా మనిషని, ఇడిసిపెడతారు" అన్నాడు. నా బట్టల పెట్టె అడుగున దాచిన చీర తీసి కట్టుకున్నాను. వెళ్లిన తర్వాత చీర కట్టడం అదే మొదలు.

ఆ రోజుల్లో మందుల షాపు వెతకడం ఒక విద్య. బోర్డులు చూస్తే లాభం లేదు, అన్నీ ఆర్పేసే ఉండేవి. దించిన షట్టరు కింద జానెడు సందు వదిలి ఉంటే లోపల మనిషి ఉన్నట్టు, నేలకు ఆనించి ఉంటే లేనట్టు. అలా చూసుకుంటూ చూసుకుంటూ హవల్లీ దాకా పోయాం. అక్కడొక సందులో ఆ జానెడు జాగా కనపడింది. అన్న తట్టాడు, పలుకు లేదు. నేను నేల మీద కూర్చుని ఖాళీ పెట్టెను షట్టరు కిందుగా లోపలికి తోశాను. తోశాక, ఉన్న ఒక్క ఆధారమూ పోయిందే అని సందులో చెయ్యి పెట్టి తడుముకున్నాను. కాసేపటికి షట్టరు మోకాలెత్తు లేచింది. పాలస్తీనా ముసలాయన ఒకాయన, ఐసు ముక్కలు వేసిన సంచిలో మందు పెట్టి చేతికిచ్చి, చల్లగా ఉంచమని రెండుసార్లు చెప్పాడు.

తిరుగుదారిలో దూరంగా సైనికుల తనిఖీ కనిపించింది. పెట్రోలు, టేపురికార్డర్లు, మందులు, ఏది కంటపడితే అది తీసుకుంటున్నారని అప్పటికే విన్నాం. "ఐసు పారెయ్ చెల్లెమ్మా, సంచి జూస్తే మందు మనకు దక్కదు" అన్నాడు అన్న. ఐసు కిటికీలోంచి పారబోసి, మందును రొంటిన దోపుకున్నాను. మన ఆడవాళ్లకు రొంటిని మించిన చోటేముంది? తాళంచెవి దగ్గర నుంచి ఆకువక్క దాకా, ముఖ్యమైనదేదైనా ఆ మడతలోకే పోవాలి. సైనికులు కారంతా గాలించారు, నా బొట్టు వైపు చూసి హిందీ అనుకున్నారు, అయినా ఆ ఎండలో చాలాసేపు నిలబెట్టాకే యల్లా, ఇంక పొండి అన్నారు. గెలిచాననే అనుకున్నాను, దారంతా నడుం తడుముకుంటూ మురిసిపోయాను.

ఇంటికొచ్చి రొంటిలోంచి తీసి మామా చేతిలో పెడితే, ఆమె వేళ్లతో నొక్కి చూసింది. నా ఒంటి వేడికి కరిగి, లోపల నూనెలా అటూ ఇటూ కదిలింది. ఎక్కడ పెట్టావని అడిగింది. చూపించాను. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. నేరుగా పోయి దాన్ని ఫ్రీజర్లో నిలబెట్టింది. కరెంటు ఇంకా పోలేదు, అదొక్కటే మా అదృష్టం.

ఇద్దరం పిల్లవాడికి తడిగుడ్డలు చుడుతూ కూర్చున్నాం. ఒళ్లు పెనంలా కాలుతోంది. మామా నిమిషానికోసారి లేచిపోయి ఫ్రీజర్ తలుపు తీసి చూసి వచ్చేది. అలా తీస్తుంటే చల్లదనమంతా పోతుంది, తీయొద్దు మామా అని నాకొచ్చిన అరబ్బీలో బతిమాలాను. ఆగలేకపోయింది. ఇంతలో వాడి చెయ్యి ఒకసారి అదిరింది. మామా పరుగెత్తి, సగమే గట్టిపడి కొన వంకరపోయిన మందునే తెచ్చి, ఈసారి తలుపు వేసుకోకుండా నా ఎదుటే పెట్టింది. అది మింగేది కాదని నాకు అప్పుడే తెలిసింది. వాడి చెయ్యి మళ్లీ అదరలేదు. మెల్లగా నుదుట చెమట పట్టింది. ఆ చెమట చూసి మేమిద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం, యజమానురాలు, పనిమనిషి అన్న తేడా ఆ పూట గుర్తుకే రాలేదు.

తర్వాత భారతీయులందరితో పాటు నేనూ బస్సెక్కి, జోర్డాన్ మీదుగా ఇంటిదారి పట్టాను. బయల్దేరేముందు మామా దారికని జ్వరం బిళ్లలు పొట్లం కట్టి, చేతికివ్వకుండా తానే నా రొంటిన దోపి, "ఇవి కరగవులే" అని నవ్వింది. ఆ నవ్వే ఆఖరు చూపు. యుద్ధం ముగిశాక తెలిసినవాళ్లతో కబురంపాను గానీ ఆ ఇంట్లో వేరెవరో ఉన్నారన్నారు.

ఇప్పుడు మందు కోసం ఎవరూ ఏ షట్టరూ తట్టనక్కర్లేదు. ఖాళీ పెట్టెలు దాచేవాళ్లూ లేరు, మా కోడలి బట్టల్లో రొంటి అనేదే లేదు. అంతా సుఖంగానే ఉంది, కాదనను. మొన్న ఫ్రిజ్ చప్పుడు విని కోడలు వంటింట్లోకి తొంగిచూసి, "ఎన్నిసార్లు తెరుస్తావత్తా, అట్ల తీస్తాంటే చల్లదనమంతా పోదూ?" అనింది. పోతుందని నాకు తెలుసు. అయినా ఇంకోసారి తీసి చూశాను.