గుల్వెన్ ఇక్కడ, నన్ను చూశారా?

గుల్వెన్‌కి తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి మీద ఒకరికి చాడీలు చెప్పే అలవాటు అసలే లేదు. ఉన్నదల్లా ఒకటే రోగం. ఎదురుగా మనిషి కనబడితే చాలు, నాలుగడుగుల అవతలే ఆగిపోయి, తానెవరో, ఎటువైపు ఉన్నాడో, ఎటు పోబోతున్నాడో గట్టిగా చెప్పి, "నన్ను చూశారా?" అని అడిగేవాడు. "చూశాను" అని జవాబు వస్తేగాని కాలు కదిపేవాడు కాదు.

మనిషి ఆరడుగుల మూడంగుళాలు. దానిమీద పసుపుపచ్చ వానకోటు, ఎండాకాలంలో కూడా. ఫ్రాన్సు పడమటి తీరంలోని ఆ బ్రెటన్ రేవులో దీపస్తంభం తరవాత అంత దూరం నుంచి కనబడేది అతనొక్కడే. అలాంటివాడు వచ్చి నన్ను చూశారా అని అడిగితే ఎవరికి ఒళ్లు మండదు?

రొట్టెల కొట్టు మారీవోన్‌కి మహా మండేది.

"గుల్వెన్ ఇక్కడ. నీకు ఎదురుగా, నాలుగడుగులు. రొట్టె కోసం నేరుగా వస్తున్నాను. నన్ను చూశావా?"

"లేదయ్యా! ఏదో పసుపు కొండ నడిచొస్తోందనుకున్నా."

"చూశావా, లేదా?"

"చూశాను మహాప్రభో, చూశాను! రొట్టె తీసుకుని నా కళ్లముందు నుంచి కదులు."

చర్చిలో పాపాలు చెప్పుకునే చెక్కగదిలోకి వెళ్లి కూడా అదే వరస. "గుల్వెన్ ఇక్కడ. మీకు ఎడమవైపు, తెర వెనకాల. నన్ను చూశారా ఫాదర్?" అన్నాడు. "మధ్యలో తెర ఉంది కదయ్యా, ఎలా చూస్తాను?" అని ఆయన విసుక్కున్నారు. "నా భయం కూడా అదే ఫాదర్" అన్నాడు గుల్వెన్. ఆ ఆదివారం ప్రసంగం మధ్యలో ఫాదర్‌కి ఆ మాట గుర్తొచ్చి నవ్వాగక, దగ్గొచ్చినట్టు నటించాల్సి వచ్చింది.

ఈ వేషాలన్నిటికీ రోజూ మొట్టమొదటి ప్రేక్షకురాలు సోయిజిక్. రేవు మీద కాఫీ కొట్టు ఆమెదే. యాభై ఎనిమిదేళ్లు, పెళ్లి చేసుకోలేదు, నోరు మంచిది కాదు, కాఫీ మంచిది. పొద్దున్నే మొదటి కాఫీ గుల్వెన్‌ది. వయసులో ఉన్నప్పుడు తొమ్మిది మీటర్ల తెరచాప పడవలో ఒంటరిగా మూడుసార్లు అట్లాంటిక్ దాటిన మనిషి కాబట్టి, కాఫీతోపాటు ఏదో ఒక కథ చెప్పేవాడు.

"సముద్రమంటే తుఫాను అనుకుంటారు అందరూ. తుఫానుకేం, అది చెప్పి వస్తుంది. ఓడలు చెప్పవు. ఆకాశం అంచున చుక్కలా కనబడిన ఓడ ఇరవై నిమిషాల్లో నీ నెత్తిమీదుంటుంది. అందుకే నా నిద్ర ఇరవై నిమిషాలే. వంటింట్లో వాడే అలారం గంట మెళ్లో కట్టుకుని పడుకునేవాణ్ని. మోగగానే లేచి, నాలుగు దిక్కులూ చూసి, మళ్లీ పడక."

"మెళ్లో గంట కట్టుకుని! గడ్డి కూడా వేసేవారా ఎవరైనా?"

"నవ్వు, నవ్వు. ఒకసారి గంట మోగలేదు. లేచేసరికి ఎదురుగా ఇనప గోడ. ఎంత దగ్గరంటే, వాళ్ల వంటవాడు పారబోసిన బంగాళాదుంప తొక్కు వచ్చి నా టోపీలో పడింది. రేడియోలో అరిచాను, గుల్వెన్ ఇక్కడ, మీ పక్కనే ఉన్నాను, నన్ను చూశారా అని. జవాబు లేదు. నా పడవని ముక్కలు చేసి ఉన్నా వాళ్లకి తెలిసేది కాదే అమ్మాయ్. ప్రపంచంలో నేనున్నట్టు ఒక్కడికీ తెలీదనిపించింది. కూర్చుని ఏడ్చాను."

"తరవాత?"

"తరవాత వారం ఇంకో ఓడ. మళ్లీ అడిగాను. ఈసారి ఎవడో కుర్రగొంతు పలికింది. 'చూశాను పెద్దాయనా, నీ వెనకనుంచి చుట్టి పోతాను. నువ్వు పడుకో' అని. అప్పుడు నాకు ముప్పయ్యేళ్లే! అయినా ఆ రోజు నిద్రపోయినట్టు జన్మలో నిద్రపోలేదు. 'చూశాను' అనే మాట ఎంత బావుంటుందో తెలుసా?"

సోయిజిక్‌కి తెలుసు. ఆ మాట అబద్ధంగా చెప్పడం ఎంత కష్టమో కూడా తెలుసు.

ఎందుకంటే ఆమెకి కళ్లు పోతున్నాయి. చూపు మధ్యలో బూడిదరంగు మరక పడి, అది ఏటికేడాది పెరుగుతోంది. గోడలు, గుమ్మాలు చూపు అంచుల్లో ఆనతాయి, మనిషి మొహం మాత్రం మరకలో మునిగిపోతుంది. బ్రెస్ట్ పట్నంలో డాక్టరు ఇక చేసేదేమీ లేదన్నాడు. ఈ సంగతి బయటపడితే రెన్న్ నగరంలో ఉన్న చెల్లెలు ఆ సాయంత్రమే వచ్చి, కొట్టుకి తాళం వేయించి, తనని మూడో అంతస్తులో కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెడుతుంది. ముప్పయ్యేళ్లుగా నడిపిన కొట్టు, రేవు, చేపల వాసన, మారీవోన్‌తో తగువులు, అన్నీ పోతాయి. అందుకని సోయిజిక్ ఎవరికీ చెప్పలేదు. గుల్వెన్‌కి అసలే చెప్పలేదు.

నాలుగేళ్ల కిందట ఒక పొద్దున ఆమె కాఫీ పళ్లెంతో బయటికొచ్చి తిన్నగా అతన్నే గుద్దేసింది. వేడి కాఫీ అంతా అతని చొక్కా మీద. "గోడలా అడ్డం నిలబడతావేం!" అని ఎదురు కేకలేసింది. అతను చొక్కా పిండుకున్నాడు. "తప్పు నాదే. పలకరించకుండా ఎదురొచ్చాను" అన్నాడు.

మర్నాటి నుంచే ఆ పిచ్చి మొదలు. వయసు మీద పడింది, సముద్రం ఇన్నాళ్లకి తలకెక్కింది అనుకున్నారు ఊళ్లోవాళ్లు. వెక్కిరించడానికి వాళ్లూ అలాగే మాట్లాడటం మొదలుపెట్టారు. వెక్కిరింత ఆర్నెల్లకి అలవాటైంది. "మారీవోన్ ఇక్కడ. నీ ఎడమ పక్కన, బారెడు దూరం. చేతిలో వేడి రొట్టెలున్నాయి, కాలితే నీ ఖర్మ. నన్ను చూశావా?" పీతల పడవ ఎర్వే అయితే మూడు మాటల మనిషి: "ఎర్వే. కుడివైపు. కాఫీ."

సోయిజిక్ పైకి తిట్టేది. లోపల మాత్రం ఆ పిచ్చి కుదరకుండా ఉండాలని దేవుడికి దండం పెట్టుకునేది. కళ్లు లేకపోయినా ఎవరెక్కడున్నారో రేవంతా నోటితో చెబుతుంటే ఆమెకేం లోటు? నా అదృష్టం కొద్దీ వీడికి మతిపోయింది అనుకుంది, పాపం.

ఒకసారి అతను మాటల్లో ఇంకో సంగతి చెప్పాడు. "చుక్కాని విరిగిన ఓడ ఏం చేస్తుందో తెలుసా? రెండు నల్ల బంతులు ఒకదాని కింద ఒకటి స్తంభానికి వేలాడదీస్తుంది. నేను తప్పుకోలేను, మీరే తప్పుకోండి అని. ఇక ఎంత పెద్ద ఓడైనా దారివ్వాల్సిందే."

"సిగ్గుచేటు కాదూ, అలా నలుగురికీ చాటుకోవడం?"

"సిగ్గా? అది కట్టిన ఓడని ఎవడూ ఎగతాళి చెయ్యడు. కట్టకుండా నడిసంద్రంలో బింకంగా నిలబడితేనే ప్రమాదం." సోయిజిక్ కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మార్చి నెలలో గుల్వెన్‌కి గుండెపోటు వచ్చింది. ఆసుపత్రిలో ఐదు రోజులున్నాడు, ఆరో రోజు లేడు. డెబ్బై రెండేళ్లు. సముద్రం మీద అన్ని ఓడలనీ తప్పించుకున్నవాడు మంచం మీద చచ్చిపోయాడని ఎర్వే ఒక్కడే పైకి అన్నాడు.

ఆ తరవాత రేవు మూగబోయింది. ఆ మాటలు అనబోతే గుల్వెనే గుర్తొచ్చేవాడు అందరికీ. "ఇక్కడ" అని మొదలుపెట్టి, ఆపేసి, తలూపి వెళ్లిపోయేవారు. సోయిజిక్‌కి తలూపుళ్లు కనబడవు కదా. వారం రోజుల్లో పీతల బుట్టల మీద పడింది, ఎర్వే కుక్క తోక తొక్కింది, పడవలు కట్టే స్తంభాన్ని పట్టుకుని "మారీవోన్, పొద్దున్నే ఏంటి, అంత మౌనం?" అని తగువు పెట్టుకుంది. అతను పోయినందుకు ఏడుస్తోందో, తన గతికి ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. కొట్టు అమ్మేద్దామని చెల్లెలికి ఫోన్ చెయ్యబోయి రెండుసార్లు పెట్టేసింది.

రెండు వారాలకి గుల్వెన్ చెల్లెలు జోజెట్ రేవులో ఉన్న అతని పడవ ఖాళీ చేయడానికి వచ్చింది. కాఫీ తాగుతూ కూర్చుంది. సోయిజిక్ ఆమెకి అన్నగారి పిచ్చి గురించి చెప్పి నవ్వించబోయింది. జోజెట్ నవ్వలేదు.

"మా అన్నయ్యా? ప్రతి వేసవీ మా ఇంట్లో నెల్లాళ్లుండేవాడండీ. ఒక్కరోజు కూడా అలా అనలేదు. ఉప్పు అందుకోమనడానికే బద్ధకం."

"ఒక్కసారి కూడానా?"

"ఒట్టు. నిరుడు ఆగస్టులో కూడా ఉన్నాడు. వీధిలో వెనకనుంచి వచ్చి నన్నే భయపెట్టేవాడు." జోజెట్ సంచీలోంచి ఏదో తీసి బల్లమీద పెట్టింది. "ఇవి మీకిమ్మన్నాడు, ఆసుపత్రిలో. ఎప్పుడు కట్టాలో సోయిజిక్‌కే తెలుసు, కట్టకపోయినా పర్లేదు అన్నాడు. నాకేం అర్థం కాలేదు."

సోయిజిక్ తడిమి చూసింది. ముతక గుడ్డ, లోపల తీగ చట్రం, ఉప్పు వాసన. గుండ్రంగా రెండు, ఒకదాని కింద ఒకటి తాడుకి కట్టి ఉన్నాయి.

నాలుగేళ్లు. ఎండలో వానకోటు వేసుకుని, ఊరందరి చేత వెర్రివాడనిపించుకుని, చర్చిలో ఫాదర్‌ని కూడా వదలకుండా, నాలుగేళ్లు! ఆమె ఒక్కదాన్నే అడిగితే, కళ్ల సంగతి తనకి తెలుసని ఆమె కనిపెడుతుందని ఊరందరినీ అడిగాడు. "దొంగ ముసలాడా! నీ మొహం మండ, నాకు తెలియకుండా ఎంత నాటకమాడావురా!" అని ఆ బంతులు ఒళ్లో పెట్టుకుని తిట్టి తిట్టి ఏడ్చింది. జోజెట్ కంగారుపడి కాఫీలో ఏమైనా పడిందా అని అడిగింది.

మర్నాడు సంత. సోయిజిక్ కుర్చీ ఎక్కి, కొట్టు పేరు పలక కింద రెండు నల్ల బంతులూ కట్టి, గుమ్మంలో నిలబడింది. ఆ రేవులో ఆ గుర్తు తెలియనివాళ్లు లేరు. ఒక్కొక్కరి అడుగుల చప్పుడూ ఆగిపోయింది.

"సోయిజిక్ ఇక్కడ" అంది. ఇంకాస్త గట్టిగా మళ్లీ అంది. "సోయిజిక్ ఇక్కడ. కొట్టు గుమ్మంలో. నాకు మొహాలు కనబడవు. నా అంతట నేను తప్పుకోలేను. నన్ను చూశారా?"

జవాబు లేదు. ఆ ఇనప గోడ పక్కన రేడియో పట్టుకుని గుల్వెన్ ఎలా ఎదురుచూశాడో ఆమెకి అప్పుడు తెలిసింది.

"మారీవోన్ ఇక్కడ" అని ముక్కు చీదిన చప్పుడుతో వచ్చింది మాట. "నీకు ఎడమవైపు, ఆరడుగులు. ఏడుస్తున్నాను, నాకూ ఏం కనబడి చావట్లేదు. అయినా చూశాను."

"ఫాదర్ ఇక్కడ. నీకు ఎదురుగా, ఈసారి తెర లేదు. చూశానమ్మా."

చేపల బల్లల దగ్గర్నుంచి, పడవల్లోంచి, వంతెన అవతల నుంచి కూడా పేర్లు వచ్చాయి. చూశాను, చూశాను అంటూ రేవంతా పలికింది. సోయిజిక్ గుమ్మం పట్టుకుని అన్నీ విన్నది. రెన్న్‌కి ఫోన్ చేసే పని ఇక లేదు. అందరూ అయ్యాక దగ్గర్లోనే ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఎర్వే. కుడివైపు, నీ మోచేతి దగ్గర. నేనొచ్చి పావుగంటైంది. నువ్వే నన్ను చూళ్లేదు."

"ఇప్పుడు చూశానులేరా" అని కళ్లు తుడుచుకుని, సోయిజిక్ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.