చెంపకు ఆనించి చూసేవాడు

సూర్యాపేట బస్టాండు దగ్గరి ఫోన్ మెకానిక్‌ని నా ఫోన్ బాగుచేయమని ఇచ్చిన మొదటిరోజే దొంగ అనుకున్నాను. విప్పిన ఫోన్‌ను చెంపకు ఆనించి, కళ్లు మూసుకుని వేడి చూసేవాడు. నాకదంతా నాటకంలా తోచింది.

"ప్రాసెసర్ మంచిగనే ఉన్నది సార్. దానికి కరెంటిచ్చే పవర్ ఐసీ పోయింది," అంటూ, వేరే పాడైన ఫోన్లోంచి తీసిన చిప్ ఒకటి చూపించాడు.

"పాతదా? నాకు కొత్తదే కావాలె."

"కొత్తయన్నీ డూప్లికేట్‌లే వస్తున్నయ్ సార్. గిది ఒరిజినల్."

నేను నమ్మలేదు. కొత్తదే వేయించుకున్నాను, వేసినంతసేపూ అతని చేతుల మీంచి చూపు తిప్పలేదు. అయ్యాక మళ్లీ చెంపకు ఆనించాడు. నా పేరు అడిగి రాసుకుని, ఫోన్ చేతికిచ్చాడు.

కోదాడ బస్సు మునగాల చేరకముందే జేబులో ఫోన్ కాలిపోసాగింది. మోసం చేశాడని తిట్టుకుంటూ వెనక్కి వెళ్లాను.

అతను నన్ను చూసి సొరుగు లాగాడు. ఆ పాత చిప్‌ను అప్పటికే చిన్న కవర్లో వేసి, పైన నా పేరు రాసి ఉంచాడు.