నాయిన రిపోర్టు

ఇప్పుడు నేను పనిచేసే వికారాబాద్ ల్యాబులో మెషీన్ నిమిషంలో అంకెలన్నీ కక్కేస్తుంది. నా మనసు మాత్రం ఇంకా తాండూరు బస్టాండు పక్కన నేను మొదట పనిచేసిన ఆ ఒంటిగది ల్యాబులోనే తిరుగుతుంటుంది. మూడు నెలలకోసారి బషీరాబాద్ బస్సు దిగి నాయిన వచ్చేది అక్కడికే. గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పినా గొర్రెల మందను వదలని మొండిమనిషి.

నేను సూది పట్టగానే మొదలుపెట్టేవాడు. “సొంత నాయిననని జర ఎక్కువ గుంజుతున్నవా ఏంది?” నేను కసురుకునేదాన్ని. ఆ కసురుకోవడం కూడా ఇప్పుడు తీపిగానే ఉంది.

డాక్టరు గారు ఒకసారి నన్ను కూర్చోబెట్టి చెప్పారు. “ప్రతిసారీ పెద్ద పరీక్షలే అక్కర్లేదమ్మా. ఈ మామూలు రక్త పరీక్షలోనే హిమోగ్లోబిన్ తగ్గుతూ, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ పెరుగుతూ పోతే, గుండెజబ్బు మనిషికి ముందు గడ్డుకాలం ఉన్నట్టే. మీ నాన్నకు అట్లా వస్తే వెంటనే తీసుకురా.”

ఒక ఎండాకాలం ఆ రెండు అంకెలూ అట్లాగే వచ్చాయి. బయట బెంచీ మీద కూర్చున్న నాయిన ముఖం చూసి, “మస్తుగుంది నాయినా, పోయినసారి లెక్కనే” అనేశాను. ముందు డాక్టరుకు ఫోన్ చేసి, తర్వాత మెల్లగా చెబుదామనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని! నేను ఫోన్ పెట్టేసి వచ్చేలోగా బెంచీ ఖాళీ. రిపోర్టు బాగుంటే డాక్టరుతో ఏం పనని బస్సెక్కేశాడనుకున్నాను.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. కదలబోతున్న బస్సు కిటికీ పట్టుకుని అరిచాను. “దిగు నాయినా! నేను అబద్ధం చెప్పిన. నెత్తురు తగ్గింది, డాక్టర్ను కలవాలె.”

ఆయన తాపీగా సంచీ, గొర్రెలు కాసే కట్టె తీసుకుని దిగాడు.

“నాకెరుకనే బిడ్డా. గొర్రెకు రెప్ప గుంజి సూస్తం గదా, లోపల తెల్లగుంటే నెత్తురు లేనట్టే, గా గొర్రె వానకాలం దాటదు. పొద్దుగాల అద్దంల నా రెప్ప సూసుకున్న.”

“మరెందుకు పోతున్నవ్?”

“నువ్వు మస్తుగుందన్నవ్ గదా. గా మాట జర ఇంటిదాక తీస్కపోదామనుకున్న.”

తిట్టాను, ఏడ్చాను, రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. పది రోజులు ఆస్పత్రిలో ఉంచి మందులు మార్చారు. నాయిన ఆ వానకాలమే కాదు, ఇంకో రెండు కూడా దాటాడు. అప్పటినుంచి ప్రతి రిపోర్టూ ఆయనకు పైకి చదివి వినిపించాను. ఒక్క అంకె దాచలేదు.

అంకెలు మళ్లీ చెడిన రోజు ఆయన అంతా విన్నాడు. “రెండు దినాలు ఆగుమను డాక్టర్ను. మంద మీ చిన్నాయినకు అప్పజెప్పి వస్త” అన్నాడు. చెప్పినట్టే మూడో రోజు పొద్దున బస్సు దిగాడు. చేతిలో కట్టె లేదు. కట్టె లేకుండా నాయినను చూడటం నాకు అదే మొదలు.