గోంగూర గదిలో లైటు

అక్టోబరు వచ్చిందంటే మా ఇంట్లో ఒక గదికి సాయంత్రం ఐదింటికే తలుపు పడిపోయేది. దక్షిణం వైపు కిటికీ ఉన్న చిన్న గది అది. మా ఆవిడ కుట్టుమిషను, దేవుడి పటాలు, ఇస్త్రీ బల్ల అన్నీ అందులోనే. చలి ముదిరేలోగా పెరట్లోంచి ఒక గోంగూర మొక్క బకెట్‌తో సహా ఆ కిటికీ కిందకు చేరేది. అక్కణ్ణుంచి కొత్త సంవత్సరం వచ్చేదాకా, పొద్దుగూకాక ఆ గదిలో లైటు వెయ్యడానికి ఎవరికీ హక్కు లేదు. నేను చొక్కా ఇస్త్రీ చేసుకోవాలన్నా బల్ల మోసుకుని హాల్లోకి రావాల్సిందే.

"ఏమండీ, ఆ గదిలో లైటేశారా?" అని వంటింట్లోంచి కేక వచ్చేది. కుక్కర్ కూతల మధ్య, ఎగ్జాస్ట్ ఫ్యాను హోరులో, ఇంటి ఆ చివర స్విచ్ చప్పుడు ఆమెకు ఎలా వినపడేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఇంత కరెంటు ఆదా చేస్తున్నావు, సస్కటూన్ ఊరంతా నీ పేర రాసిస్తారా ఏమిటి?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"మొక్క పడుకోవాలండీ," అనేది.

నేను నవ్వేవాణ్ణి. జీవితమంతా ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి, మొక్కలు పడుకోవడమేమిటి? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో ఆ పెరటి చెట్టు మా ఆవిడే.

ఆ గింజలు ముప్పై ఏళ్ళ కిందట మాతోపాటే విమానమెక్కాయి. గుంటూరు దగ్గర వాళ్ళమ్మ ఇంటి వెనక వేసుకునే ఎర్రకాడ గోంగూర. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారన్న భయంతో పౌడరు డబ్బాలో గింజలు పోసి, పైన పౌడరు నింపింది. నాకు మాట మాత్రం చెప్పలేదు. ఇక్కడికొచ్చిన వారానికి స్నానం చేసి పౌడరు వేసుకోబోతే అరచేతిలో నల్లటి గింజలు రాలాయి. నేను మండిపడ్డాను. ఆమె ఒక్కొక్కటే ఏరుకుంటూ, "నా పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొమ్ము ఇంతే, మీరు నోరు చేసుకోకండి," అంది.

కెనడాలో, అందులోనూ సస్కటూన్‌లో తోట అంటే ఏడాదిలో నాలుగు నెలల ముచ్చట. మిగతా ఎనిమిది నెలలూ దానికోసం ఎదురుచూడ్డమే. మార్చిలో బయట మోకాలి లోతు మంచు ఉండగానే ఆమె కాగితం కప్పుల్లో మట్టి నింపి టమాటా, మిరప గింజలు పెట్టేది. ఇంట్లో ఏ కిటికీ గట్టు చూసినా కప్పులే. మే నెలలో వాటిని పగలంతా బయట పెట్టి, సాయంత్రం లోపలికి తెచ్చి, చలికి అలవాటు చేసేది. నాది మోత పని. ట్రేలు మోసీ మోసీ నడుం పట్టేస్తే, "మన అమ్మాయిని కూడా ఇన్నిసార్లు ఎత్తుకోలేదు నేను," అని విసుక్కునేవాణ్ణి. మే మూడోవారం సెలవులు, ఆ లాంగ్ వీకెండ్ దాటాకే నేలలో నాటేది. అంతకుముందు ఎంత ఎండ కాసినా నమ్మేది కాదు.

జూన్, జూలైల్లో రాత్రి తొమ్మిదింటికి కూడా పొద్దు కుంకేది కాదు. అన్నం తిన్నాక పెరట్లో కుర్చీలు వేసుకుని, బఠాణీ కాయలు తీగ మీంచి తుంచుకుని పచ్చివే తినేవాళ్ళం. ఆ వెలుగుకు గోంగూర విపరీతంగా ఆకు వేసేది కానీ ఒక్క పువ్వు పూసేది కాదు. పూద్దామని అది అనుకునేలోపు సెప్టెంబరు ఫ్రాస్ట్, ఆకుల మీద గడ్డకట్టే మంచు, వచ్చి చంపేసేది. అందుకే ప్రతి ఏడూ ఒక మొక్కను బకెట్లో పెంచి, ఇంట్లోకి తెచ్చి, పూయించి, మరుసటేటికి గింజ తీసేది. ఎలా పూయించేదో నేను అడగలేదు.

ఫ్రాస్ట్ వార్నింగ్ వచ్చిన సాయంత్రం అటకమీంచి పాత నేత చీరలు దిగేవి. టమాటాల మీద, మిరప మీద, గోంగూర వరసల మీద అవన్నీ కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టేవాళ్ళం. పక్కింటాయన కంచె మీంచి చూసి, మీ ఇంట్లో ఏదైనా పండగా అని అడిగేవాడు. అవునని చెప్పేది మా ఆవిడ.

ఇంతలో ఊరు మారిపోయింది. బస్సులో తెలుగు వినపడితే వెనక్కి తిరిగి చూసే రోజులు పోయాయి. ఏ బస్సెక్కినా తెలుగే వినపడే రోజులొచ్చాయి. యూనివర్సిటీకి వచ్చే పిల్లలు గదులు దొరక్క ఒక్కో ఇంట్లో ఆరుగురు, ఏడుగురు సర్దుకునేవాళ్ళు. ఇంటి కింద మా బేస్‌మెంట్‌లోకి ఇద్దరు అమ్మాయిలు అద్దెకు వచ్చారు. నేను వద్దన్నాను. మా ఆవిడ వినలేదు. వాళ్ళలో ఒకమ్మాయిది కరీంనగర్ వైపు. పంటల మీద మాస్టర్స్ చేస్తూ, మిగతా వేళల్లో కాఫీ షాపులో పనిచేసేది. వచ్చిన మూడో రోజే పెరట్లోకి చూసి, "ఆంటీ, ఇది పుంటికూర గదా!" అని గోంగూరకు వాళ్ళ వైపు పేరుతో కేకపెట్టింది. ఇక అంతే, నా మాట విననివాళ్ళు ఇద్దరయ్యారు. ఆ వేసవి మా ఆవిడకు తెలిసిన పిల్లలందరూ బాల్కనీల్లో గోంగూర వేసుకుంటామని అడిగితే, సీసాలో ఉన్న గింజలన్నీ పంచిపెట్టింది. "మనకో?" అన్నాను. "బకెట్లో మొక్క ఉందిగా, చలికాలంలో బోలెడు గింజ తీస్తాను," అంది.

ఆ చలికాలం ఆమె చూడలేదు.

సెప్టెంబరులో గుండె ఆపరేషన్ అయింది. బాగానే ఉందన్నారు. ఐదో రోజు సాయంత్రం మంచం పక్కన కూర్చుని ఉంటే, కిటికీలోంచి ఆకాశం చూసి, "ఇవాళ ఫ్రాస్ట్ పడేట్టుందండీ. బకెట్ లోపల పెట్టారా?" అని అడిగింది.

"ఇప్పుడు గోంగూర గొడవేంటి నీకు? ముందు నీ సంగతి చూసుకో," అన్నాను.

"చిన్న గదిలో పెట్టండి. పెట్టి, పొద్దుగూకగానే..." అని ఇంకా ఏదో చెప్పబోయింది. పార్కింగ్ టైం అయిపోతోంది. "సరేలే, పెడతాను, అన్నీ నాకు తెలుసు," అని లేచి వచ్చేశాను. ఆమెతో నేను మాట్లాడిన ఆఖరి మాట అది. అన్నీ నాకు తెలుసు.

ఇంటికొచ్చి బకెట్ మాత్రం లోపల పెట్టాను. చీరలు దించే ఓపిక లేక పడుకున్నాను. తెల్లవారుజామున హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది. తలుపు తీసుకుని కారు దగ్గరకు వెళ్తుంటే తోట మొత్తం ఉడకబెట్టినట్టు నల్లగా వాలిపోయి ఉంది. మిగిలింది ఆ ఒక్క బకెట్టు.

పన్నెండో రోజు దాకా దీపం కొండెక్కకూడదన్నారు పంతులుగారు. చెక్క ఇల్లు, నూనె దీపం పెడితే స్మోక్ అలారం ఊరుకోదు. కరెంటు దీపమైనా పరవాలేదన్నారు. ఆమె ఫోటో చిన్న గదిలో కుట్టుమిషను మీద పెట్టి, పక్కన టేబుల్ లైటు వేశాను. టొరంటో దగ్గర ఓక్‌విల్ నుంచి వచ్చిన మా అమ్మాయి పన్నెండు రోజులూ ఉంది. వెళ్ళే ముందు ఆ లైటు ఆపబోతే, "ముట్టుకోకు!" అని అరిచాను. "ఓకే డాడ్, ఓకే," అని చెయ్యి వెనక్కి తీసుకుంది పాపం. అమ్మ పోయిన పిల్లమీద అరిచాను.

తర్వాత కూడా ఆపలేదు. ఎందుకంటే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నడవాలోంచి పోతున్నప్పుడు తలుపు కింద సన్నగా వెలుగు కనపడేది. ఆ వెలుగు ఉన్నంతసేపు ఆమె లోపల జాకెట్లు కుట్టుకుంటోందనుకోవచ్చు. రోజుకు రెండు మూడు నిమిషాలు నిజంగానే అలా అనుకునేవాణ్ణి.

ఇక నా ప్రాణమంతా ఆ మొక్క మీద పెట్టాను. దుకాణంలో గోంగూర గింజలు దొరకవని కాదు. దొరుకుతాయి. వాళ్ళమ్మ పెరట్లోవి, పౌడరు డబ్బాలో వచ్చినవి దొరకవు. పిల్లలకు పంచినవి బాల్కనీల్లో మొలిచి, పూయకుండానే ఫ్రాస్ట్‌కు పోయాయి. రోజూ గోరువెచ్చని నీళ్ళు, పదిహేను రోజులకోసారి ఎరువు. నవంబరుకల్లా నా భుజం దాటింది. పురికొసతో కర్టెన్ రాడ్డుకు కట్టాల్సి వచ్చింది. ఆమె చేతిలో ఏనాడూ అంత పచ్చగా లేదు. ఆమె మొక్క ఈపాటికి కింది ఆకులు రాల్చేసి దిగాలుగా ఉండేది. "చూశావా, నీకంటే బాగా పెంచాను," అని ఫోటోతో చెప్పాను కూడా.

డిసెంబరు పోయింది. ఒక్క మొగ్గ లేదు. ఆమె ఉన్నప్పుడు ఈ రోజులకు గింజలు సీసాలో పడేవి. ఇంకాస్త ఎరువు వేశాను. ఇంకాస్త ఆకు వేసింది.

జనవరి సగం గడిచాక ఒక మధ్యాహ్నం కింది అమ్మాయి పైకి వచ్చింది. పప్పులోకి నాలుగు ఆకులు కోసుకోమని నేనే పిలిచాను. మొక్కను చూసి, "అబ్బ, మస్తు పెరిగింది అంకుల్," అంది.

"ఏం పెరగడమో ఏమోనమ్మా. పూత రావడం లేదు."

ఆ పిల్ల ఆకులు కొయ్యబోయి ఆగింది. లైటు వంక చూసింది. మళ్ళీ మొక్క వంక చూసింది. "ఈ లైటు రాత్రంతా ఉంటదా అంకుల్?"

"సెప్టెంబరు నుంచీ ఆపలేదు."

కొమ్మ మీంచి చెయ్యి తీసేసింది. నెమ్మదిగా, "చెప్తే ఏమనుకోకండి అంకుల్. దీనికి పొడుగు రాత్రి కావాలె. మంచిగ చీకటి ఉంటెనే పూస్తది. లైటు ఉంటే ఇంకా ఎండకాలమే అనుకుంటది," అంది. తర్వాత ఇంకా నెమ్మదిగా, "ఆంటీ అందుకే గదా తలుపు ఏస్తుండె. మొదట్ల టీవీ పక్కన పెట్టిందట, పూయలే. ఈ గదిల పడేస్తే పూసిందట. నేను క్లాసుల చదివింది ఆంటీ బకెట్ల చూసి తెలుసుకుంది," అంది.

"లైటు సంగతి నువ్వు నాకు చెప్పక్కర్లేదు," అన్నాను. గట్టిగానే అన్నాను. ఆకులు కొయ్యకుండానే దిగి వెళ్ళిపోయింది.

కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాను. టీవీ పక్కన పెట్టిన సంగతి ఆ పిల్లకు చెప్పిందంటే నాకు చెప్పకుండా ఉంటుందా? చెప్పింది. ఎన్నోసార్లు చెప్పింది. నేను పేపరు చదువుకుంటూ ఊఁ కొట్టాను. హాస్పిటల్లో కూడా చెప్పబోయింది. పొద్దుగూకగానే తలుపు వెయ్యండి, లైటు వెయ్యకండి. అంతే ఆ మాట. అది వినడానికి అర నిమిషం కూడా పట్టేది కాదు.

మొక్కను కదపడానికి లేదు, చలికాలంలో ఎండ వచ్చే కిటికీ ఇంట్లో అదొక్కటే. దీపం హాల్లోకి మార్చుకోవచ్చు. కానీ నాకు కావలసింది దీపం కాదు, ఆ తలుపు కింద వెలుగు. అది ఆపితే ఆ గదిలో ఆమె లేదని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు. ఆపకపోతే ఆమె ముప్పై ఏళ్ళు కాపాడుకొచ్చినదాన్ని నా చేత్తో నేనే చంపినట్టు. ఐదు అయ్యేదాకా కూర్చుని ఏడ్చాను. ఐదింటికి లేచి లైటు ఆపి, తలుపు వేసేశాను. నడవాలో తలుపు కింద ఏమీ లేదు.

మర్నాడు నేనే ఆకులు కోసి, కిందికి తీసుకెళ్ళి ఆ అమ్మాయికి ఇచ్చాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు. "పప్పులో చాలకపోతే మళ్ళీ రా అమ్మా," అన్నాను. వచ్చింది.

ఫిబ్రవరి చివర కింది ఆకులు పండి రాలడం మొదలైంది. పచ్చదనం పోయి, ఆమె మొక్కలాగే దిగాలుగా తయారైంది. ఆ తర్వాత మొగ్గలొచ్చాయి. ఒక ఉదయం తలుపు తీస్తే పువ్వు విచ్చుకుని ఉంది, లేత పసుపు రేకులు, మధ్యలో ముదురు ఎరుపు. సాయంత్రానికి ముడుచుకుపోయింది. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో ఏటా పూసిన పువ్వును అంత దగ్గరగా చూడటం అదే మొదలు. కాయలు ముదిరి, ఎండి, చేతికి గుచ్చుకునే రోజుకు ఏప్రిల్ వచ్చింది. అరచేతిలో నలిపి, నూగు ఊది, గింజలు ఆమె సీసాలో పోశాను. సీసా అడుగు కనపడకుండా నిండాయి.

ఆ రోజు సాయంత్రం బకెట్‌లోని ఎండు కాడను పీకి బయట పడేశాక, చీకటి పడేవేళకు చిన్న గదిలోకి వచ్చాను. ఇక మొక్క కోసం దాచవలసిన చీకటి లేదు. లైటు వేసుకుంటే తప్పు లేదు. స్విచ్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను. తర్వాత వేశాను. చప్పుడు గట్టిగానే వినపడింది. వంటింట్లోంచి ఎవరూ కేకవెయ్యలేదు.