మేక కొరికిన చెవి

గోవర్ట్ ముసలాయనకు చెవులు చెక్కడం చేతకాదని ఆమ్‌స్టర్‌డామ్ అంతా కోడై కూసేది. రాగిరేకు మీద మనుషుల ముఖాలు చెక్కడంలో ఆయనకు సాటి లేదు. ముక్కు, మీసం, మెడచుట్టూ లేసు కుచ్చులు, అన్నీ అచ్చుగుద్దినట్టే ఉంటాయి. చెవి మాత్రం ఎవరిది వాళ్లకు ఉండదు. చిన్నప్పుడు పంతులు మెలేసిన చెవి మీద ఇప్పుడు కసి తీర్చుకుంటున్నాడని కొందరనేవారు.

ఓసారి పాస్టరుగారు తన బొమ్మ పట్టుకుని వచ్చారు.

“గోవర్ట్, ఇది నా చెవేనా?”

“ప్రసంగాలు చెప్పేవారు, తమకు చెవులతో పనేముంది?”

గోవర్ట్ దగ్గర అచ్చుమర తిప్పే నేల్చె నవ్వలేదు. ఆమె తమ్ముడు త్యూనిస్ ఆ శరత్తులో చేపల పడవెక్కి వెళ్లాడు. పడవా రాలేదు, పాతిపెట్టడానికి ఒళ్లూ దొరకలేదు. “వాడి ముఖం నాకు చెరిగిపోతోందే,” అంటూ తల్లి రోజూ ఏడ్చేది. పేదవాళ్లకు బొమ్మలెక్కడివి?

ఒకరోజు నేల్చె బట్టల వర్తకుడు వాన్ స్ట్రేలెన్ బొమ్మ చెక్కిన రేకుకు సిరా పట్టించి, తడికాగితం పరిచి మర తిప్పింది. కాగితం ఎత్తి కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. దొరగారి బూరెబుగ్గ పక్కన, తమ్మె దగ్గర గాటుపడిన చెవి. పసితనంలో త్యూనిస్‌ను మేక కొరికిన గాటు.

“పెద్దయ్యా, ఇది మావాడిది.”

ముసలాయన తలెత్తలేదు. “రాగి మోసుకొచ్చినప్పుడల్లా నా పక్కనే నిలబడి వాగేవాడు. పని మీదుండి ముఖం సరిగా చూడలేదు, చెవే చూశాను. అచ్చులో ఎడమ కుడి అవుతుంది కదా, తిరగేసి చెక్కడం మర్చిపోయాను.”

“మరి పాస్టరుగారిది?”

“తాళ్లు పేనే యాన్‌ది. జ్వరంలో పోయాడు కదూ.”

మర్నాడు వాన్ స్ట్రేలెన్ మండిపడుతూ వచ్చాడు. “నా చెవిని ఎలుక కొట్టిందా? చెరిపెయ్. లేదంటే నీ రేకు నువ్వే ఉంచుకో.”

“చిత్తం దొరా. జుట్టు దించి కప్పేస్తాను.”

ఆయన గుమ్మం దాటాక గోవర్ట్ అన్నాడు: “కప్పేలోపు ఒకటి తీసుకో అమ్మాయ్. మంచి కాగితం మీద తియ్యి.”

తల్లి ఆ కాగితాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది.

“ఈ లావాటాయన ఎవరే?”

“ఎవరో దొరలే అమ్మా.”

ఆమె దొరగారి ముఖాన్ని శుభ్రంగా వెనక్కి మడిచి, చెవి ఒక్కటే కనబడేలా గోడకు గుచ్చింది.

“వాడిది ఎడమ చెవి కదే?”

“అచ్చులో అటు తిరిగింది.”

“పోనీలే. వాడు ఒక్కవైపు కుదురుగా ఉన్నదెప్పుడు?” అని, ఇన్నాళ్లకు కొంచెం నవ్వింది.

గోవర్ట్‌కు చెవులు చెక్కడం వచ్చు.