బోర్లించని పలక

తడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ ఈ పలకరాయి నుంచి ఒక చల్లటి వాసన వస్తుంది. పాడుబడ్డ బావిలోకి తొంగిచూసినప్పుడు ముఖానికి తగిలే గాలిలో ఉండే వాసన అది. కనిగిరిలో నా అద్దె గదిలో, ఆదివారం మధ్యాహ్నం ఆటకు మనుషులు వచ్చేలోపు నేను చేసే ఆఖరి పని పలక తుడవడం. పాచికలు, పెన్సిళ్లు, పటాలు, నీళ్ల సీసాలు వరసగా పెట్టుకున్నాక దీన్ని తుడిచి బల్ల మధ్యలో ఉంచుతాను. వాసన ముక్కుకు తగలగానే వేళ్లు చల్లబడతాయి. నేను సబ్‌స్టేషన్‌లో పనిచేస్తాను. లైనులో కరెంటు లేదని పరీక్షించి, ఎర్త్ చేశాక గానీ దేన్నీ ముట్టుకోను. భయపడడం నా ఉద్యోగంలో భాగం. కానీ ఈ పలక దగ్గర కలిగే భయం వేరు. అది నాకు మస్తానన్న దగ్గర్నుంచి వచ్చింది.

మస్తానన్నకు మార్కాపురంలో పెళ్లిపత్రికలు అచ్చువేసే దుకాణం ఉండేది. అంతకుముందు కొన్నేళ్లు బెంగళూరులో పనిచేసి, బల్ల చుట్టూ కూర్చొని ఆడే కథల ఆట అక్కడ నేర్చుకొని వచ్చాడు. ఆ ఆటలో ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. నువ్వు గోడ దూకుతానంటే, దూకగలిగావో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. కథను సొంతంగా అల్లుకోవచ్చు, లేదా అచ్చయిన సాహసగాథ పుస్తకం తెచ్చుకొని, అందులోని ఊళ్లు, శత్రువులు, పటాలతో నెలల తరబడి నడుపుకోవచ్చు. పాలిటెక్నిక్‌లో నాతో చదివిన వెంకటేశు నన్ను అన్న దుకాణానికి తీసుకెళ్లాడు. వాళ్లింట్లో పలకలు కోసే యూనిట్ ఉంది. అప్పట్లో నా ఉద్యోగం గిద్దలూరులో. ఆదివారం బస్సెక్కి వచ్చేవాణ్ని. దుకాణం షట్టరు సగం దించి ఉండేది. లోపల ఇంకు వాసన, ఫ్యాను కింద రెపరెపలాడే పత్రికల నమూనాలు, ఆస్పత్రి డ్యూటీ ముగించుకొని వచ్చి టీ గ్లాసుతో కూర్చున్న నర్సు విజయక్క.

మొదటిరోజే అన్న బల్ల మధ్యలో ఒక పలకబిళ్ల పెట్టాడు. వెంకటేశు వాళ్ల యూనిట్‌లో అంచు విరిగితే పక్కన పడేసినది. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుకుగా ఉంది.

"తమ్ముడూ, ఇది నున్నగుండేవైపు పైకి ఉన్నంతసేపు ఆట నడుస్తాది. కథలో ఏదన్నా నీకు పడలేదనుకో, దీన్ని బోర్లించు. ఆడికి ఆపేస్తాం. ఎందుకని అడిగేది లేదు. చాయ్ తాగి వేరే దారిన పోతాం."

"మా నాయన చూస్తే బిళ్లను దండగ చేసినార్రా అంటాడన్నా," అన్నాడు వెంకటేశు.

"మీ నాయన్ను కూడా రమ్మను, ఒక రాక్షసుడి వేషం ఖాళీగా ఉంది."

నవ్వులు ఆగకముందే కథ మొదలైంది. అన్న గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదు. "మెట్లు కిందికి పోయినాయి. కింద ఒక తలుపు. తలుపు అవతల ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు," అని ఆగిపోయాడు. ఇంకో మాట చెబుతాడని చూశాం. చెప్పలేదు. పట్టపగలు, బయట ఆటోల హారన్లు వినిపిస్తుండగా, నా వెన్ను మీద చెమట దిగింది. "ఆడ ఎవరున్నారన్నా?" అని నేనే అడిగాను. "నన్నడుగుతావేంది? తలుపు నీ ముందుంది," అన్నాడు. అన్న దగ్గర నేను గమనించిన మొదటి విషయం అదే. భయపెట్టాలనుకున్నప్పుడు అతను మాట ఆపేసేవాడు.

తర్వాతి ఏడాది ఎండాకాలంలో అన్న గొంతు బొంగురుపోయింది. ఐస్‌నీళ్లు తాగుతున్నాడని వెంకటేశు ఎగతాళి చేశాడు. విజయక్క మాత్రం నవ్వలేదు. తనే వెంటబడి కర్నూలులో చూపించింది. స్వరపేటికలో గడ్డ, ముదిరింది, మొత్తం తీసేయాలన్నారు. ఆ తర్వాత మామూలుగా మాట్లాడడం ఉండదని చెప్పారు. ఈ సంగతి అన్న మాకు పెళ్లిపత్రికలు మడత పెడుతూ చెప్పాడు. ఆ తర్వాత నావైపు చూసి, "ఆదివారం ఆట ఆగగూడదు. పుస్తకం నువ్వు ఎంచుకో, నువ్వే నడుపు. నేను వచ్చి ఆడతా," అన్నాడు.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. నేను సరిగ్గా నడపలేకపోతే ముందు వెంకటేశు రావడం మానేస్తాడు, తర్వాత విజయక్క. అన్న ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేసరికి ఆ బల్ల దగ్గర ఎవరూ ఉండరు. భయమేసినప్పుడు నేను పట్టిక వేస్తాను. అన్న అలమారలో ఆడని పుస్తకాలు మూడు ఉన్నాయి. చనిపోయిన రాజు గనుల్లోకి దిగే కథ ఒకటి, ఎడారి దాటే వర్తకుల కథ ఒకటి, మంచు కమ్మిన రేవు పట్నం కథ ఒకటి. అధ్యాయాలెన్ని, పటాలు ఎంత వివరంగా ఉన్నాయి, కొత్తగా నడిపేవాడికి సూచనలున్నాయా, మధ్యలో ఒకరు రాకపోతే కథ నిలుస్తుందా అని గడులు గీసి మార్కులు వేశాను. గనుల పుస్తకం మొదట వచ్చింది. పట్టిక తీసుకెళ్లి అన్నకు చూపించాను.

"పుస్తకాలకు బాగానే పరీక్ష పెట్టినావు," అన్నాడు బొంగురుగా. "ఇందులో మనుషులేరి?"

"అంటే?"

"ఒక్కొక్కళ్ల దగ్గరికి పోయి కూర్చో. ఏ భయంతో ఆడుకోవచ్చు, ఏ భయం జోలికి పోవద్దు, అది అడుగు. అందరి ముందర అడగొద్దు, ఎవ్వరూ చెప్పరు."

విజయక్క దగ్గర తేలిగ్గానే అయింది. "దయ్యాలు రానీ, రక్తం రానీ, నాకేం గాదు. పసిపిల్లలు చచ్చిపోయేది మాత్రం వద్దు తమ్ముడూ. వార్డులో చూసేది చాలు," అంది. ఎడారి పుస్తకంలో దాహంతో పిల్లలు రాలిపోయే అధ్యాయం ఒకటుంది.

వెంకటేశు తన యూనిట్‌లో కోత మిషను పక్కన నిలబడి పెద్దగా నవ్వాడు. "నాకు భయమా? పో ఇంజనీరూ, పనుంది నాకు." నేను గేటు దాకా వచ్చేశాను. వెనక మిషను ఆగింది. చేతులకు అంటిన బూడిదరంగు బురద ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చాడు. "భూమి కిందికి పోయే కథైతే నేను రాను. నా చిన్నప్పుడు క్వారీలో గట్టు కూలి మా నాయన మట్టి కింద ఉండిపోయినాడు. తీసేదాకా నేను పైన నిలబడి చూస్తా ఉన్నా. బతికినాడులే. నేనే ఇంకా లిఫ్టు ఎక్కను," అన్నాడు. పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాణ్ని, నాకు ఆ సంగతి తెలియదు. నేను ఎక్కువ మార్కులు వేసిన గనుల పుస్తకం పేజీ పేజీకీ అతన్ని ఆ గట్టు మీద నిలబెట్టేది.

మిగిలింది రేవు పట్నం పుస్తకం. దాన్ని చివరిదాకా చదివి మూసేశాను. మంచులో ఒక మంత్రగత్తె ఉంటుంది. తన వాకిట్లోకి వచ్చినవాళ్ల గొంతు తీసుకొని సీసాలో దాచుకుంటుంది. ఆ పుస్తకం అన్న ముందు తెరవడం నా వల్ల కాదనుకున్నాను. ఎడారి పుస్తకంలోనే పిల్లల అధ్యాయం కొట్టేసి అదే నడుపుతానని అన్నకు చెప్పాను.

"మరి రేవు పట్నం?"

"అది వద్దులేన్నా. పటాలు సరిగ్గా లేవు."

అన్న చెయ్యి చాపి పుస్తకం తీసుకున్నాడు. ఆ అధ్యాయం దగ్గర చాలాసేపు ఆగాడు. నేను ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను.

"అందరినీ అడిగినావు. నన్ను అడగలేదే?"

"అన్నా..."

"ఆపరేషన్ గదిలోకి పోయేటప్పుడు నేనొక్కణ్నే. ఈడ నలుగురం గదా. ఈ పుస్తకమే కానియ్యి." కొంచెం ఆగి, "నీ భయమేంది?" అని అడిగాడు.

"నడపడం రాదేమోనని."

"అది భయం గాదు, చదవడం తక్కువైంది. ఇంకోసారి చదువు." నవ్వబోతే దగ్గు వచ్చింది.

ఆపరేషన్ అయింది. అన్న మెడకు రంధ్రం, దానిమీద తెల్లటి గుడ్డతో తిరిగొచ్చాడు. మొదటి ఆదివారం నేను కథ మొదలుపెట్టి, పట్నం గేటు దాకా వచ్చానో లేదో, అన్న చెయ్యి బల్ల మధ్యలోని పలకను పట్టుకుంది. వెంటనే పుస్తకం మూసేశాను. విజయక్క లేచి గ్లాసుల్లో చాయ్ పోసింది. ఎవరూ ఎందుకని అడగలేదు. అన్న మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసి, జేబులోంచి బలపం తీసి రాశాడు. "ఆపినారేంది? కాపలావాడి పేరు అడుగుదామని." వెంకటేశు పడిపడి నవ్వాడు. ఆరోజు నుంచి అన్నకు మాట్లాడే పలక, మా ఆట ఆపే పలక ఒకటే అయ్యాయి. ఇంకోటి తెస్తానని వెంకటేశు అంటే అన్న తల అడ్డంగా ఊపాడు. అతను దాన్ని ఎత్తిన ప్రతిసారీ నాకు గుండె జారేది. రాస్తాడా, బోర్లిస్తాడా?

మంత్రగత్తె వాకిలి వర్షాకాలంలో వచ్చింది. వెంకటేశు పాత్ర, విజయక్క పాత్ర అప్పటికే ఆమె వలలో చిక్కుకున్నాయి. అన్న పాత్ర ఒక్కటే ఆమె ఎదుట నిలబడింది. నా అరచేతుల చెమటకు పుస్తకం అంచు మెత్తబడింది. ఆమె మాట నేనే పలకాలి. "నీవాళ్లను వదిలేస్తాను. బదులుగా నీ గొంతు ఇవ్వు," అన్నాను. అని ఆగాను. అన్న ఆగినట్టు ఆగాలని కాదు, ఇంకో మాట రాలేదు.

అన్న పలక అందుకున్నాడు. ఒళ్లో పెట్టుకున్నాడు. విజయక్క చాయ్ ఫ్లాస్కు మీద చెయ్యి వేసింది. అన్న పాత అక్షరాలను అరచేత్తో చెరిపాడు. బలపం గీరిన చప్పుడు వినిపించింది. తర్వాత పలకను నావైపు తిప్పాడు.

"అది ముందే పోయింది. ఇంకేం కావాలో అడుగు."

మంత్రగత్తె ఏం జవాబివ్వాలో పుస్తకంలో లేదు. నేను వెతికాను కూడా. వెంకటేశు బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. విజయక్క చున్నీతో ముఖం తుడుచుకుంటూ, "అడగవే, అడుగు," అని ఆ మంత్రగత్తెను తిట్టింది. అన్న పాచిక తీసుకొని, వెయ్యనా అన్నట్టు కనుబొమలెగరేశాడు.

ఆ పుస్తకం పూర్తి చేశాం. ఆ తర్వాత గడ్డ మళ్లీ తిరగబెట్టింది. ఈసారి అన్న ఇంటికి రాలేదు. పలకను అన్న భార్య తెచ్చి నా చేతిలో పెట్టింది, నున్నవైపు పైకి.

ఇప్పుడు నా పట్టికలో మొదటి గడి పుస్తకాలది కాదు, మనుషులది. కొత్త గాథ మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరి దగ్గరికీ విడివిడిగా వెళ్లి కూర్చుంటాను. చివర నన్ను నేనూ అడుగుతాను. అన్నకు నేను చెప్పింది నిజం కాదు. నడపడం రాదని కాదు నా భయం, అన్న కుర్చీ ఖాళీ అవుతుందని. అది అయింది. అయినా ఆదివారం వస్తుంది, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తుంది, నలుగురు వచ్చి కూర్చుంటారు. వాళ్లను తలుపు దాకా తీసుకెళ్లి నేను మాట ఆపేస్తాను. వాళ్లు పలక వైపు చూస్తారు. నేనూ చూస్తాను.