ఒకే కత్తి

పోలీస్ యాక్షన్ అయిపోయిన కొత్తలో నేను సాయుధ పోలీసుల్లో చేరాను. మాది ఖానాపూర్ దగ్గరి ఊళ్లో మాదిగవాడ. ఖానాపూర్ క్యాంపులో మొదటి నెలలు మావాళ్ల నీళ్ల కుండ వేరు, తిండి దగ్గర బంతి వేరు. మంగలి మా దిక్కు వచ్చేవాడే కాదు. విరిగిన బ్లేడు ముక్కతో నేనే గడ్డం గీసుకునేవాణ్ని. ఆ గాట్లు చూసి పటేలు కొడుకు నవ్వేవాడు. అతనూ మా ఊరివాడే, నాతోపాటే చేరాడు.

కొత్త సుబేదారు వచ్చీ రాగానే ఇవన్నీ ఎత్తేశాడు. అందరికీ ఒకే కుండ, ఒకే బంతి, గడ్డానికి ఒకే వరుస. ఎత్తును బట్టి నిలబడాలి. దేవుడు నాకిచ్చిన ఆస్తి ఏదైనా ఉంటే అది ఎత్తే. వేలెడు పొట్టి కాబట్టి పటేలు కొడుకు నా వెనక నిలబడ్డాడు. తెల్లారితే పెద్ద అధికారి తనిఖీ. గడ్డంతో కనిపించినవాడు పెట్టె సర్దుకోవలసిందే. ఆ కొలువు పోతే నాకు మిగిలేది పటేలు ఇంట్లో వెట్టే.

ఆ మంగలే మా ఊళ్లో పటేలు ఇంటికీ వెళ్తాడు. నా చెంపలు తడుపుతూ చెవిలో అన్నాడు: "బిడ్డా, ఊర్ల తెల్వనియ్యకు. తెలిస్తే నన్ను ఏ వాకిట్లకు రానియ్యరు."

అంతవరకు ఏ మంగలి చేయీ నా మొహం మీద పడలేదు. నాకు భయమూ వేసింది, సంతోషమూ కలిగింది.

ఒక చెంప అయింది. అప్పుడు వెనకనుంచి పటేలు కొడుకు, "నా వంతుకు గా కత్తి మార్చాలె," అన్నాడు.

"ఉన్నదే ఒక్క కత్తి, పటేలా," అంటూ మంగలి ఆగిపోయాడు. కత్తి నా గొంతు దగ్గరే ఉంది. గొంతు తెగుతుందని కాదు, సగం గడ్డంతో తెల్లారుతుందేమోనని నాకు చెమటలు పట్టాయి.

హవల్దారు వచ్చి పటేలు కొడుకు ముందు నిలబడ్డాడు. "గదే కత్తితోని గీయించుకుంటవా, గడ్డంతోని ఇంటికి పోతవా? జల్దీ చెప్పు."

మంగలి పటేలు కొడుకు మొహమే చూస్తున్నాడు. చివరికి అతను, "కానియ్యి," అన్నాడు. కత్తి నా రెండో చెంప మీదికి వచ్చింది.

నేను లేచిన పీట మీదే అతను చేదు మందు తాగేవాడిలా కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. లోపల నవ్వూ వచ్చింది, దాచడమెందుకు.

తనిఖీ గడిచింది. ఆ తర్వాత అందరికీ అదే పీట, అదే కత్తి. సెలవు దొరికిన పొద్దున కూడా అక్కడే గీయించుకుని ఇద్దరం ఒకే బస్సెక్కాం. దిగగానే పటేలు కొడుకు అటూ ఇటూ చూసి, "కత్తి ముచ్చట ఊర్ల ఎత్తకు, జర," అన్నాడు. బతిమాలుతున్నాడు! నేను మా వాడకేసి నడిచాను.

ఇంట్లో అవ్వ నా చెంప నిమిరి మురిసిపోయింది. "గింత నున్నగ ఎవ్వలు గీసిండ్రు బిడ్డా?"

పటేలు కొడుకు పరువు ఒక్కటే అయితే ఊరంతా వినేలా అరిచి చెప్పేవాణ్ని. మంగలి చెవిలో అన్న మాట గుర్తొచ్చింది.

"నేనే గీసుకున్న, అవ్వా," అన్నాను.